ఒంటి పుల్ల

ఆరంభశూరులు వ్యాపారానికి పనికిరారన్నది అందరూ తలూపే మాట. ఈమధ్య దానికి సరిగ్గా ఎదురు మాట కూడా ఒకటి చలామణీలోకి వచ్చింది. కుదురులేని మనసే కొత్త వ్యాపారాలకు పుట్టిల్లనీ, తలలో కాస్త తిక్క లేనివాడు కొట్టు తెరవలేడనీ ఆ మాట. మొదటిది అన్నవాళ్లు ఆ మనిషిని తీసిపారేస్తారు. రెండోది అన్నవాళ్లు భుజాల మీదకి ఎత్తుకుంటారు. ఆ మనిషి ఇంట్లో ఒక పూట కూర్చుని చూసినవాళ్లు మాత్రం రెండు పక్షాల్లోనూ అరుదు. ఈ రెండు మాటల్నీ ఒక ఇంటి చిన్నకోడలి ఎదుట నిలబెడితే ఎంతసేపు నిలుస్తాయో చూడాలి.

చిన్నకోడలికి అత్తగారు పెట్టిన పేరు ‘ఆరంభం’. కాపురానికి వచ్చిన కొత్తలో ముద్దుగా అన్నమాటే, పోనుపోను పిలుపై కూర్చుంది. “ఆరంభం లేచిందా?” “పాలు పొయ్యి మీద పెట్టి ఆరంభం ఎటు పోయింది?” అని ఆ ఇంట్లో ఉదయం మొదలయ్యేది. ఆమె ఉల్లిపాయ సగం తరిగి, కిటికీ తెర మురికిగా ఉందని సగం ఊడదీసి, సబ్బు కోసం వెళ్లి, బీరువా ముందు చతికిలబడి పాత ఫొటోలు చూస్తూ దొరికేది. కుట్టుపని చొక్కా కాలరు దాకా నేర్చుకుంది. ఈత నీళ్ల మీద తేలడం దాకా వచ్చింది. ముందుకు కదలడం రాలేదు. ఎదురింటివాళ్ల భాష నేర్చుకోబోయి పలకరింపుల దగ్గర ఆగింది. ఎవరు ఎదురైనా ధాటిగా కుశలం అడిగేది. వాళ్లు జవాబు చెబితే మాత్రం అర్థమయ్యేది కాదు.

పేము బుట్టల అల్లిక కూడా అలాంటిదే. బుట్టకి అడుగు కట్టడం నేర్పిన వారం ఆమె తరగతికి వెళ్లింది; గోడలు ఎత్తడం నేర్పిన వారం మానేసింది. అయితే ఆ అడుగు ఆమెను వదల్లేదు. నానబెట్టిన పుల్లల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి, నడిమిన సన్నటి పేము తీగతో బిగించి, బండిచక్రపు ఆకుల్లా చుట్టూ విప్పాలి. ఒక పుల్లని పట్టుకుంటే మరోటి జారుతుంది. కొత్తగా వచ్చినవాళ్లంతా ఇక్కడే చేతులెత్తేస్తారు. ఆమె వేళ్లకు మాత్రం ఆ చిక్కే పండగ. అది కుదిరాక మిగిలేదల్లా తీగని ఒక పుల్ల పైనుంచి, మరో పుల్ల కిందనుంచి పోనిస్తూ గోడ ఎత్తుకుంటూ పోవడమే. ఆ పని తలుచుకుంటేనే ఆమెకు ఆవులింత వచ్చేది.

కనుక వంటింటి గోడ నిండా బుట్ట అడుగులే వేలాడాయి. కొన్ని వేడి గిన్నెల కిందకి, కొన్ని నీళ్ల కుండ మీదకి మూతలుగా పోయాయి. ఒకదానితో అత్తగారు విసురుకునేది.

“ఇంటినిండా అడుగులే తల్లీ, ఒక్క బుట్ట లేదు! ఉల్లిపాయలు చూడు, నేలంతా దొర్లుతున్నాయి.”

“ఉల్లిపాయలకి గాలి తగలాలి అత్తయ్యా.”

“నీకు మాత్రం కాస్త తక్కువ తగిలితే బాగుండు.”

పెద్దకోడలి తీరు వేరు. ఆమె బట్టల కర్మాగారంలో తయారైన చొక్కాల కుట్లు తనిఖీ చేసేది. ఇంటికి తాళం వేసి, సందు చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసి, మళ్లీ సందు చివరిదాకా వెళ్లేది. చుట్టుపక్కలవాళ్లు ఆమె రాకపోకల్ని బట్టి ‘ఇంకా ఒక విడత ఉంది’ అనుకునేవారు. ఏ పనైనా కొత్తగా మొదలుపెట్టాలంటే అరచేతులు చెమర్చేవి. ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయం. ఎవరైనా మొదలుపెట్టి చేతిలో పెడితే మాత్రం చివరంటా వదిలేది కాదు. సగం తరిగిన ఉల్లిపాయల తరుగుడు పూర్తయ్యేదీ, సగం ఊడిన తెరలు ఉతికి మళ్లీ వేలాడేదీ ఆమె చేతుల మీదుగానే. ఆ ఇల్లు అన్నేళ్లుగా నడుస్తున్నది ఈ ఏర్పాటు మీదే అయినా అలాంటి ఏర్పాటు ఒకటుందని ఇంట్లో ఎవరూ గమనించలేదు. దగ్గరున్నదాన్ని చూడటానికి మనిషికి ఎప్పుడూ కాస్త దూరం కావాలి.

ఆ దూరం ఆస్పత్రిలో దొరికింది.

అత్తగారి మోకాళ్లకు వ్యాయామం చేయించే గదిలోకి ఆవిణ్ణి పంపి, చిన్నకోడలు బయట హాల్లో బెంచీ మీద కూర్చుంది. ఆస్పత్రి హాల్లో మనిషి ఏ పనీ చేయడు, అయినా అలిసిపోతాడు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు కనుక, సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన పుల్లలు తీసి అడుగు కట్టసాగింది. పక్కన ఒక నాయనమ్మ, మనవడి చేతికట్టు విప్పించడానికి వచ్చినావిడ, కాసేపు ఓపిక పట్టి అడిగేసింది.

“ఏంటమ్మా అది? సాలెగూడా?”

“బుట్ట అడుగండీ.”

“మరి బుట్టేది?”

“అది నాకు రాదండీ.”

నాయనమ్మ నవ్వుకి మనవడు ఉలిక్కిపడ్డాడు. “భలేదానివే! ఇటివ్వు. పైనుంచోటి, కిందనుంచోటి, అంతేగా? మొదలు నాకు ఈ జన్మలో రాదు. మొదలంటూ ఉంటే ఎంతసేపైనా లాగుతా.”

చిన్నకోడలు ఇచ్చేసి ఇంకోటి కట్టింది. దాన్ని ఎదుటి బెంచీ ఆయన అడిగాడు. ఆ తర్వాతదాని కోసం ఇద్దరు వాదులాడుకున్నారు. అత్తగారు కర్ర పట్టుకుని బయటికి వచ్చేసరికి హాల్లో తలలన్నీ వంగి ఉన్నాయి, చేతులన్నీ ఆడుతున్నాయి, తడి పేము వాసన మందుల వాసనను మూలకు నెట్టింది.

“నేను లోపల కాళ్లాడిస్తుంటే నువ్విక్కడ కర్మాగారం పెట్టావా?” అందావిడ. అందేగానీ, ఇంటికి వెళ్లేదాకా ఆ మాటే తలుచుకుని నవ్వుకుంది.

అలా పుట్టింది కొట్టు. ఇంటి ముందుగది ఖాళీ చేసి, నీళ్ల తొట్టి ఒక పక్క, పేము కట్టలు ఒక పక్క పెట్టారు. అక్కడ అమ్మేది బుట్టలు కాదు, మొదలుపెట్టిన బుట్టలు. కట్టిన అడుగు, దానికి సరిపడా తీగ. కొనుక్కున్నవాళ్లు గోడలు అల్లుకొస్తే అంచు మడిచి ముగించే పని పెద్దకోడలిది. మొదట్లో సెలవు రోజుల్లో చేసేది. పని పెరిగి, చిన్నకోడలు రోజూ బతిమాలుతుంటే, ఎంతో ఊగిసలాడి కర్మాగారం మానేసింది. అంత భయస్తురాలు ఆ ఉద్యోగం వదిలి వచ్చిందంటే, ఆమె నమ్ముకున్నది కొట్టుని కాదు, తోడికోడల్ని. ఆ సంగతి చిన్నకోడలికి తెలుసు. తెలియడం వేరు, గుర్తుండటం వేరు.

ఇంతవరకు చూస్తే రెండో మాట గెలిచినట్టే కనిపిస్తుంది. కుదురులేని మనిషి, ఎవరికీ తోచని కొట్టు! కానీ కొట్టు తెరవడం కూడా ఒక ఆరంభమే. కొంతకాలానికి కొట్టు పాతబడింది. రోజూ అదే తలుపు, అదే తొట్టి, అదే అడుగు. చిన్నకోడలికి ఆవులింతలు మొదలయ్యాయి.

ఆవులింతల వెంట పుట్టగొడుగులు వచ్చాయి. మంచం కింద చీకట్లో పెంపకపు సంచులు పెట్టి, పొద్దున్నే బోర్లా పడుకుని వాటిని పలకరించేది. బస్సు నడిపే ఆమె భర్త పెద్దగా ఆశ్చర్యపోలేదు. “మంచం మీద నాకు చోటుంచితే చాలు,” అన్నాడు.

పెద్దకోడలు మాత్రం ఆ సంచుల్ని చూసిన రోజు తాళం దగ్గరికి ఒక విడత ఎక్కువే తిరిగింది. రాత్రిళ్లు నిద్ర పట్టక, చివరికి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాలని తనే నిశ్చయించుకుంది. తోడుగా చిన్నకోడలు వెళ్లింది. డాక్టరు పెద్దకోడలి మాటలు శ్రద్ధగా విని, చిన్న అభ్యాసం చెప్పింది. తాళాన్ని ఒక్కసారే చూడాలి. రెండోసారి చూడాలని మనసు పీకితే, ‘ఇది నా అనుమానం, తాళం తప్పు కాదు’ అనుకుని నడిచిపోవాలి. ఆ కాసేపట్లోనే చిన్నకోడలు బల్లమీది పెన్నుని విప్పి, బిగించి, డాక్టరు మాటకు రెండుసార్లు అడ్డొచ్చి, కిటికీ అవతల ఏదో చూడటానికి లేచింది. డాక్టరు ఆమెను కూడా కూర్చోబెట్టి చాలాసేపు ప్రశ్నలడిగింది.

“మీ ధ్యాస నిలవకపోవడానికి మందుంది. వేసుకుని చూస్తారా?”

“వేసుకుంటే మొదలుపెట్టే బుద్ధి కూడా పోతుందా డాక్టరుగారూ?”

“పోదనే అనుకుంటున్నా. వేసుకుని చూసి మీరే నాకు చెప్పండి. నచ్చకపోతే మానేద్దాం.”

చిన్నకోడలు మందు కొనుక్కుంది గానీ డబ్బా మూత తీయలేదు. తనలో పనికొచ్చేది ఆ ఒక్కటే అని ఆమె నమ్మకం. దాన్ని పందెం పెట్టడానికి మనసొప్పలేదు.

అదే సమయంలో ఆస్పత్రి నుంచి కబురు వచ్చింది. అన్ని విభాగాల హాళ్లలోనూ ఉంచడానికి మొదలుపెట్టిన బుట్టలు కావాలట. కొట్టుకి వచ్చిన పెద్ద పని అదే. పాత అడుగునే అన్నన్నిసార్లు కట్టాలంటే చిన్నకోడలికి ప్రాణం మీదికొచ్చింది. కొత్తది కనిపెట్టింది. పుల్లల్ని జంటలు జంటలుగా పేర్చి, విప్పితే పువ్వులా విచ్చుకునే అడుగు. పాత అడుగులో ఒక పక్క జంట లేకుండా ఒంటి పుల్ల ఒకటి గుచ్చాలి. తరగతిలో అలాగే నేర్పారు. ఎందుకో ఆమెకు తెలియదు. అది చెప్పిన వారం ఆమె వెళ్లలేదు. పువ్వులో ఆ ఒంటి పుల్ల వికారంగా కనిపించింది. తీసేసింది.

అడుగులన్నీ ఉత్సాహంగా, పాటలు పాడుకుంటూ కట్టింది. పెద్దకోడలు కట్టలు కట్టి పంపించింది. రెండో రోజు మధ్యాహ్నం ఆస్పత్రి హాలు చూసుకునే నర్సు ఫోన్ చేసింది.

“మీ బుట్టలేంటండీ, ఎంత అల్లినా బిగుసుకోవట్లేదు? తీగంతా గాజుల్లా జారి కింద పడుతోంది. జనం నన్ను తిడుతున్నారు.”

చిన్నకోడలు ఫోన్ పెట్టేసి నీళ్ల తొట్టి అంచున కూర్చుండిపోయింది. ఏం తప్పు జరిగిందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదు. ఇలాంటి చోటే ఆమె ఎప్పుడూ వెనుదిరిగేది. ఈత దగ్గరా, కాలరు దగ్గరా జరిగింది అదే.

“మూసేద్దాం అక్కా. ఇది మనవల్ల కాదు. పుట్టగొడుగులైతే మన చేతిలో ఏమీ ఉండదు, వాటంతటవే పెరుగుతాయి.”

పెద్దకోడలు అంచు మడుస్తున్న బుట్టని పక్కన పెట్టింది. ఆమె సగంలో పని పక్కన పెట్టడం అదే మొదటిసారి.

“నువ్వు మూసేస్తే ఇంకోటి మొదలుపెట్టుకుంటావు. నేను మళ్లీ మొదలుపెట్టలేను. నీకు తెలుసుగా.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే చిన్నకోడలు ఏదో ఒకటి అనేసి మంచం కిందకి దూరేది. ఊరికే ఒక పువ్వు అడుగుని చేతిలోకి తీసుకుని తిప్పసాగింది. అప్పుడు పెద్దకోడలే మెల్లగా అంది.

“నేను లెక్కపెట్టాను.”

“ఏంటి?”

“పుల్లలు. ఇదివరకు ఎప్పుడు లెక్కపెట్టినా బేసే వచ్చేది. ఈసారి సరి వచ్చింది. తీగ ప్రతి చుట్టులోనూ అదే పుల్ల పైనుంచి పోతుంది కదా, ఎలా పట్టుకుంటుందా అనిపించింది. నీకు చెబుదామని లేచాను కూడా.”

“మరి చెప్పలేదే!”

“ఇదీ నా తాళం లాంటిదేనేమో అనుకున్నా. డాక్టరుగారు ఒక్కసారి చూసి వదిలెయ్యమన్నారుగా. వదిలేశా.” ఆమె కళ్లు దించుకుంది. “వదిలేసినందుకు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను కూడా.”

చిన్నకోడలు ఆమెవైపు నోరు తెరుచుకుని చూసింది. లెక్కపెట్టని మనిషి కట్టిన అడుగు, తన లెక్కను తనే నమ్మని మనిషి చేతిలోంచి దాటిపోయింది. వేరే ఇద్దరెవరైనా ఈ తప్పు చేయాలన్నా చేయలేరు.

“అక్కా! పుట్టాక ఒక్కసారి అనుమానం పక్కన పెట్టావు, అదీ ఈ బుట్టల దగ్గరేనా!”

“పుట్టాక ఒక్క బుట్టైనా నువ్వు చివరిదాకా అల్లుంటే నీకే తెలిసేదిగా!”

ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. అత్తగారు కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఇద్దరు కోడళ్లూ తొట్టి పక్కన నేల మీద పడి కడుపు పట్టుకుని ఉండటం చూసి, “ఎవరైనా పోయారా, వచ్చారా?” అనడిగింది. విషయం విని తనూ కూర్చుంది. లేవడానికి మళ్లీ ఇద్దరూ పట్టుకోవలసి వచ్చింది.

నానబెట్టిన పుల్లల కట్ట భుజాన వేసుకుని ఇద్దరూ బయల్దేరారు. పెద్దకోడలు కొట్టు తాళం ఒక్కసారే చూసింది. చిన్నకోడలే ఆగి, “ఇంకోసారి లాగి చూడక్కా, ఇవాళ నీ అనుమానానికి విలువ పెరిగింది,” అంది.

హాల్లో జనం నిండుగా ఉన్నారు. ఒళ్లో వదులు బుట్టలు, ముఖాల్లో విసుగు. మందపాటి కళ్లజోడు తాతగారొకాయన మాత్రం దీక్షగా అల్లుతున్నాడు. ఆయన బుట్టలో ఒక పుల్ల మీద తీగంతా వరసగా బయటికి కనిపిస్తోంది, పక్కదాని మీద అసలు కనిపించడం లేదు.

“చారలు భలే వస్తున్నాయమ్మా! కొత్త డిజైనా?”

“పైకెత్తి చూడండి తాతగారూ.”

ఎత్తాడు. తీగంతా జారి ఆయన ఒళ్లో పడింది. “ఓహో,” అన్నాడు. “మా ఆవిడ లోపలినుంచి వచ్చేలోపు పూర్తయిపోతుందనే దిగులొక్కటే ఉండేది. అది తీరింది.”

తప్పు ఒప్పుకుని నలుగురికీ చెప్పాలి. చిన్నకోడలు కట్ట దింపి ముడి విప్పే పనిలో పడింది. ఇది మొదలు కాదు, తెగిన పని మధ్యలోకి తిరిగి రావడం. అందులో ఆమెకు అలవాటు లేదు. పెద్దకోడలు చీర చెంగుతో అరచేతులు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. తర్వాత హాలంతటికీ వినపడేలా అంది: “అందరూ ఒక్కమాట వినండి. తప్పు మాదే. ఒక్క పుల్ల తక్కువైంది. విప్పాల్సింది కొంచెమే, పారెయ్యాల్సింది ఏమీ లేదు.”

ఒక్కొక్క అడుగులో ఒక్కొక్క ఒంటి పుల్ల. చిన్నకోడలు జంటల మధ్య సందు చూసి గుచ్చుతూ వెళ్లింది. పెద్దకోడలు వెనకాలే మొదటి రెండు చుట్లు అల్లి, పైనుంచి పోయిన తీగ తర్వాతి చుట్టులో కిందనుంచి పోతోందో లేదో చూసి అందించింది. తీగ బిగుసుకోగానే ఒక్కొక్కరే “ఆఁ, పట్టింది!” అనడం మొదలుపెట్టారు. ఆ మాట బెంచీ నుంచి బెంచీకి పాకింది. ‘ఎక్స్‌రేకి రండి’ అని పిలిస్తే ఒకావిడ, “ఉండండి, ఈ వరస అయిపోనీ,” అంది. తాతగారు తన చారల్ని విప్పుతూ కాస్త బాధపడ్డాడు.

ఉత్సాహం పట్టలేక చిన్నకోడలు తనూ ఒక బుట్ట తీసుకుని గోడ ఎత్తడానికి కూర్చుంది. మూడో వరసకి ఆవులింత వచ్చింది. నాలుగో వరసకి లేచి, దాన్ని తాతగారి పక్కనావిడ ఒళ్లో పెట్టేసింది. మనిషి మారిపోయిందని చెబితే కథకు అందం వస్తుంది గానీ, అలా జరగలేదు.

జరిగింది మరొకటి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె మిగిలిన పుల్లల్ని ముట్టుకోకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది. అది చూసి పెద్దకోడలికి కంగారు పుట్టింది.

“ఒంట్లో బాలేదా?”

“బుట్టలకి చేసిన పని కొట్టుకి ఎందుకు చేయలేదా అని ఆలోచిస్తున్నా.”

“అంటే?”

“అడుగు కట్టి ఇచ్చేస్తే గోడ ఎత్తేవాళ్లు వేరే ఉన్నారు. అందరికీ ఇచ్చాను. కొట్టునొక్కదాన్నే నా దగ్గర ఉంచుకున్నా, మూసేద్దామని.”

“నాకు కొట్టు నడపడం రాదే!”

“మొదలుపెట్టడం రాదు. మొదలైపోయిందిగా.”

పెద్దకోడలు బస్సు దిగేదాకా చీర చెంగుతో అరచేతులు తుడుచుకుంటూనే ఉంది.

చిన్నకోడలు ఎంచుకున్నది ఇది. కొట్టు పెద్దకోడలి పేరున రాయించింది. తెరిచే వేళ, మూసే వేళ, ఏ పని ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి అన్నవన్నీ ఇప్పుడు ఆమెవి. తను అక్కడ పనిచేసే మనిషి మాత్రమే. పొద్దుటిపూట అడుగులు కడుతుంది, మధ్యాహ్నం ఉండదు. కొత్త రకం ఏది కట్టినా, పెద్దకోడలు దాన్ని అంచుదాకా అల్లి చూశాకే గుమ్మం దాటుతుంది. పెద్దకోడలికి అనుమానం వస్తే, అది తాళం గురించయితే నడిచిపోతుంది, పుల్లల గురించయితే నోరు తెరిచి చెబుతుంది. ఆ తేడా డాక్టరుకి చెబితే ఆవిడ నవ్వి, అదే అభ్యాసమంది. పుట్టగొడుగులు బస్సు నడిపే భర్త చేతికి పోయాయి. ఆయనకి అవి నచ్చాయి. చిన్నకోడలు మందు డబ్బా మూత కూడా తీసింది. అడుగులు మునుపటిలాగే వస్తున్నాయని, కాకపోతే పాలు పొంగే చప్పుడు ఇప్పుడు వినిపిస్తోందని డాక్టరుకి చెప్పి, వేసుకుంటూ ఉంది. పేరు మాత్రం మారలేదు. అత్తగారు ఇప్పటికీ ఆరంభమనే పిలుస్తుంది. ఉల్లిపాయలు బుట్టలో ఉన్నాయి. ఆ బుట్ట ఆస్పత్రి హాల్లో తాతగారు అల్లి ఇచ్చింది.